చీర మార్చడానికి ఎన్ని నిమిషాలు? ఫ్యాషన్ షో లెక్కంతా అక్కడే

అనంతపురంలో ఫ్యాషన్ షో అంటే ఇప్పుడు ఎవరూ నోరెళ్లబెట్టి చూడరు. కాలేజీ ఫెస్టుల్లో రెండో రోజు సాయంత్రం అదే ఉంటుంది. శ్రావణం ముందు పట్టుచీరల షాపుల వాళ్లు పెడతారు. ఫ్యాషన్ డిజైనింగ్ చదివే పిల్లలు కోర్సు చివర్లో పెడతారు. ఎవరు పెట్టినా రెండు నోటుబుక్కులు తయారవుతాయి. ఒకటి కమిటీ దగ్గర ఉంటుంది: హాలు, సౌండు, లైట్లు, భోజనాలు, శాలువాలు. ఇంకోటి కొరియోగ్రాఫర్ దగ్గర: ఎవరి తర్వాత ఎవరు, ఏ పాటకి ఎవరు, ఎక్కడ ఆగాలి, ఎటు తిరగాలి. షో రోజు సాయంత్రం దాకా ఈ రెండూ ఒకదాని మొహం ఒకటి చూడవు. గొడవంతా ఇక్కడే వస్తుంది. నా లెక్కలో ఇవి రెండు పుస్తకాలు కావు, ఒకే పుస్తకంలో ఎడమ పేజీ, కుడి పేజీ. నడకలో పది సెకన్లు మార్చితే డబ్బు మారుతుంది. డబ్బులో ఒక పద్దు కోస్తే ఆ కోత ర్యాంప్ మీద కనపడుతుంది.

ఈ రెండూ కలిసే చోటు ఒకటుంది. అది స్టేజీ కాదు, గ్రీన్ రూమ్. అక్కడ చీర మార్చుకోవడానికి పట్టే సమయం తెలిస్తే మిగతా లెక్క దానంతటదే విప్పుకుంటుంది.

ఒక చిన్న షో అనుకుందాం. పన్నెండు మంది మోడళ్లు, ముప్పై ఆరు ధర్మవరం పట్టుచీరలు. అంటే ఒక్కొక్కరు మూడుసార్లు నడవాలి. ర్యాంప్ నలభై అడుగులు, పన్నెండు మీటర్లు. పట్టుచీర, హీల్స్ వేసుకున్న అమ్మాయి అంగ అడుగున్నరకి మించి పడదు. కాబట్టి చివరిదాకా వేయాల్సింది ఇరవై ఏడు అంగలు. పాట నిమిషానికి 120 బీట్లుంటే సెకనుకి రెండు అంగలు పడతాయి. పోను పదమూడు సెకన్లు, రాను పదమూడు, చివర్లో నిలబడటానికి ఆరు. మొత్తం ముప్పై రెండు సెకన్లు. ఇరవై సెకన్లకి ఒకరు చొప్పున వదులుతున్నారనుకుంటే, మొదటి అమ్మాయి వంతు మళ్లీ 240వ సెకనుకి వస్తుంది. అందులో ఆమె నడకకే 32 పోయాయి. గ్రీన్ రూమ్‌కి వెళ్లడానికి ఇరవై, మళ్లీ వచ్చి లైన్లో ఇద్దరి వెనక నిలబడటానికి నలభై తీసేయండి. చీర మార్చడానికి మిగిలేది రెండున్నర నిమిషాలు.

మడత విప్పి, కుచ్చిళ్లు పోసి, కొంగు మడతలు సర్ది, పిన్నీసులు పెట్టి పట్టుచీర కట్టాలంటే చెయ్యి తిరిగిన ఆమెకైనా ఏడెనిమిది నిమిషాలు కావాలి. అంటే మనకి ఐదు నిమిషాల దాకా అప్పు ఉంది. ఆ అప్పు తీర్చకుండానే చాలా షోలు మొదలవుతాయి. రెండో రౌండ్లో నాలుగో అమ్మాయి దగ్గర పాట నడుస్తూ ఉంటుంది, ర్యాంప్ ఖాళీగా ఉంటుంది, యాంకర్ "ఎలా ఉన్నారు అనంతపురం" అని మూడోసారి అడుగుతుంటుంది.

కమిటీకి వెంటనే తట్టే మందు ఒకటే: ఇంకొంతమంది మోడళ్లని పెట్టుకుందాం. చూద్దాం. పద్దెనిమిది మందిని పెడితే వంతు 360వ సెకనుకి వస్తుంది. ఖర్చులన్నీ పోను నాలుగున్నర నిమిషాలు దొరుకుతాయి. అప్పటికీ చాలలేదు. ఎనిమిది నిమిషాలు కావాలంటే దాదాపు ఇరవై తొమ్మిది మంది కావాలి. ముప్పై ఆరు చీరలకి ఇరవై తొమ్మిది మందిని తెచ్చుకోవడమంటే మనిషికో చీర అన్నట్టే. ఒక్కో మోడల్‌కి ఫీజు, మేకప్, జడ, బెంగళూరు నుంచి రానూపోనూ, రెండు పూటల భోజనం కలిపి ఎనిమిది వేలనుకున్నా (మీ దగ్గర రేటు మీరు వేసుకోండి) అదనంగా వచ్చే పదిహేడు మందికి లక్షా ముప్పై ఆరు వేలు. చిన్న షోకి మొత్తం బడ్జెట్టే అంత ఉండదు ఒక్కోసారి.

ఇప్పుడు రెండో దారి. ఈ మధ్య పెళ్లిళ్లలో అందరికీ అలవాటైన ప్రీ ప్లీటింగ్. కుచ్చిళ్లు, కొంగు ముందే మడతపెట్టి, ఇస్త్రీ చేసి, క్లిప్పులు పెట్టి డబ్బాలో పెట్టిస్తారు. అలా సిద్ధం చేసిన చీర మూడు నిమిషాల్లో కట్టేయొచ్చు. చీరకి మూడొందలనుకుంటే ముప్పై ఆరు చీరలకి 10,800 రూపాయలు. మూడు నిమిషాలు, పోకకీ రాకకీ లైనుకీ ఒక నిమిషం, నడకకి 32 సెకన్లు కలిపితే 272 సెకన్లు. పన్నెండు మందితో అది రావాలంటే మోడల్‌కీ మోడల్‌కీ మధ్య ఇరవై బదులు ఇరవై మూడు సెకన్లు వదిలితే చాలు. మూడు సెకన్ల తేడా, పదకొండు వేల ఖర్చు. లక్షన్నర దగ్గర ఆగాల్సిన చోట పదకొండు వేలతో బయటపడ్డాం.

అయితే ఇక్కడ ఇంకో మెలిక ఉంది, దీన్ని కొరియోగ్రాఫర్లు కూడా తరచూ మర్చిపోతారు. ఇరవై మూడు సెకన్లకో అమ్మాయి గ్రీన్ రూమ్‌లోకి వస్తుంది. ఒక్కో చీరకి మూడు నిమిషాలు. అంటే ఒకే సమయంలో ఎనిమిది మంది చీర కట్టేవాళ్లు చేతులు ఖాళీ లేకుండా పని చేస్తుండాలి. కమిటీ పుస్తకంలో "మేకప్ టీమ్" అని ఒక్క మాట రాసి ఊరుకుంటారు. ఆ టీమ్‌లో వచ్చేది నలుగురు. నలుగురైతే నలభై ఐదు సెకన్లకో చీర తయారవుతుంది, పన్నెండు చీరలకి తొమ్మిది నిమిషాలు. రౌండ్ నడిచేది నాలుగున్నర నిమిషాలు. మిగిలిన నాలుగున్నర నిమిషాలు స్టేజీ మీద ఇంకేదో జరగాలి.

ఆ "ఇంకేదో" దగ్గరే మంచి కొరియోగ్రాఫర్ ఎవరో తెలిసిపోతుంది. చాలామంది అక్కడ సినిమా పాటకి గ్రూప్ డాన్స్ పెడతారు. దానికి మళ్లీ డాన్సర్లు, బట్టలు, రిహార్సల్. నన్నడిగితే స్పాన్సర్ సన్మానం అక్కడే పెట్టాలి. ఎలాగూ ఆయన స్టేజీ ఎక్కుతాడు, ఎలాగూ శాలువా కప్పాలి, ఎలాగూ రెండు మాటలు మాట్లాడతాడు. షో మొదట్లో పెడితే జనం విసుక్కుంటారు, చివర్లో పెడితే కుర్చీలు ఖాళీ అవుతాయి. మొదటి రౌండ్‌కీ రెండో రౌండ్‌కీ మధ్య పెడితే ఆయన మాట్లాడే ప్రతి నిమిషం వెనకాల ఒక చీర కుచ్చిళ్లలో పడుతుంది. రెండో ఖాళీకి అనంతపురం వాళ్లకి వేరే చోట వెతకాల్సిన పని లేదు. ఉరుములనే డోలు వాయిద్యం ఈ జిల్లా సొత్తు. ఆరుగురు ఉరుముల కళాకారులు నాలుగు నిమిషాలు వాయిస్తే హాలు కదులుతుంది. ఆ వాయిద్యం ఆగిన చోటే మూడో రౌండ్ పాట మొదలైతే జనానికి ఖాళీ ఉందన్న సంగతే తెలియదు. మొత్తం కలిపితే మూడు రౌండ్లు, రెండు ఖాళీలు: ఇరవై మూడు నిమిషాల షో. చివర్లో అందరూ కలిసి వచ్చే నడకకి మరో మూడు.

ఇరవై ఆరు నిమిషాలేనా అని మొహం చిన్నబుచ్చుకునేవాళ్లుంటారు. పెద్ద పెద్ద ఫ్యాషన్ వీకుల్లో ఒక్కో డిజైనర్ షో పది, పదిహేను నిమిషాలకి మించదు. ఎక్కువసేపు నడవడం గొప్పేం కాదని 1973 నవంబర్ 28న ప్యారిస్ పక్కన వెర్సాయ్ కోటలో తేలిపోయింది. కోట మరమ్మతుల కోసం విరాళాలు పోగుచేయడానికి అయిదుగురు ఫ్రెంచ్ డిజైనర్లు, అయిదుగురు అమెరికన్ డిజైనర్లు ఒకే రాత్రి షో చేశారు. ఫ్రెంచి వాళ్ల వైపు ఈవ్ సాఁ లోరాఁ, జివాన్షీ, పియెర్ కార్డాఁ లాంటి మహామహులు. ఆర్కెస్ట్రా, భారీ సెట్టింగులు, బాలే డాన్సర్ నురియేవ్. వాళ్ల భాగం రెండు గంటలు దాటింది. అమెరికా వాళ్ల కష్టం వేరు. వాళ్ల బ్యాక్‌డ్రాప్ కొలతల్లో అడుగులకీ మీటర్లకీ తేడా వచ్చి, తెచ్చిన తెర స్టేజీకి సరిపోలేదు. ఉన్నదాంతోనే సర్దుకుని, టేప్‌లో పాటలు పెట్టి, అరగంట చిల్లరలో ముగించారు. ఆ రాత్రి హాలు లేచి చప్పట్లు కొట్టింది వాళ్లకే. వాళ్ల దగ్గరున్నది చురుకైన నడక, పాటకి తగ్గ అడుగు. అందులోనూ నల్లజాతి మోడళ్లు పదిమంది దాకా ఉండటం, వాళ్లు నడిచిన తీరు ప్యారిస్‌కి అప్పటికి కొత్త. సెట్టింగు లేకపోయినా నడక నిలబెట్టింది. కొలత టేపుతో రెండుసార్లు కొలవమని మన డెకరేషన్ వాళ్లకి చెప్పడానికి కూడా ఈ కథ పనికొస్తుంది.

ర్యాంప్ పొడవు గురించి మనవాళ్లకి ఒక మోజు ఉంది. అరవై అడుగులు ఉండాల్సిందే అంటారు. ర్యాంప్‌కి వాడే చెక్క ప్లాట్‌ఫారాలు మామూలుగా ఎనిమిదడుగులకి నాలుగడుగులు. ఎనిమిదడుగుల వెడల్పుతో నలభై అడుగుల ర్యాంప్‌కి అలాంటివి పది. అరవైకి పదిహేను. డెకరేషన్ వాళ్లు చదరపు అడుగు లెక్కన వేస్తారు కాబట్టి 320 నుంచి 480కి పోతుంది, పైన పరిచే కార్పెట్ కూడా అంతే. అక్కడితో ఆగితే బాగుండు. ఇరవై ఏడు అంగల నడక నలభై అంగలవుతుంది. పోనూ రానూ కలిపి పద్నాలుగు సెకన్లు ఎక్కువ, ఆ పద్నాలుగు సెకన్లూ గ్రీన్ రూమ్ నుంచే పోతాయి. పాట విషయం కూడా ఇంతే. వినడానికి హాయిగా ఉందని 90 బీట్ల పాట పెడితే ఒక వైపు నడకే పద్దెనిమిది సెకన్లవుతుంది. అందుకే ఏ పాట బాగుంది అని కాదు, ఏ పాట ఎన్ని బీట్లు అని మొదట అడగాలి. ఆ తర్వాత మూడు రౌండ్ల పాటల్నీ కలిపి ఒకే ఫైలుగా మిక్స్ చేయించుకోవాలి. డీజే ల్యాప్‌టాప్‌లో పాటలు విడివిడిగా వెతుక్కునే షోలో ఏ లెక్కా నిలవదు.

ధర్మవరం చీరకి ఇంకో చిక్కు. 2022లో జిల్లాలు విడిపోయి ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయినా ఇక్కడివాళ్లకి అది ఇంటి చీరే, నలభై చిల్లర కిలోమీటర్ల దూరం. భౌగోళిక గుర్తింపు ఉన్న ఆ చీర గొప్పతనం పెద్ద జరీ అంచులో, కొంగులో ఉంటుంది. లేపాక్షి వీరభద్రస్వామి గుడి పైకప్పు బొమ్మల్లో పదహారో శతాబ్దపు ఆడవాళ్లు కట్టిన బట్టల డిజైన్లని మగ్గం మీదకి తెచ్చిన చీరలైతే కొంగు చూపించకపోతే నడిచి కూడా దండగ. కానీ బయట నేర్చుకొచ్చిన మోడళ్లు చివరిదాకా వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టి, రెండు సెకన్లు ఆగి, గిరుక్కున తిరుగుతారు. కెమెరాలకి జాకెట్టు, కుచ్చిళ్లు తప్ప ఏమీ దొరకదు. ధర్మవరానికి పోజు వేరేగా కట్టాలి: చివర్లో ఆగి, ఎడమ చెయ్యి చాచి కొంగు పరిచి, నెమ్మదిగా వెనక్కి తిరిగి, వీపు మీద కొంగు రెండు సెకన్లు కనపడనిచ్చి అప్పుడు నడవాలి. దానికి ఆరు సెకన్లు కావాలి, అందుకే పైన లెక్కలో ఆరు వేశాను. కొంగు విడిచి వేసుకోవాలా, మడతలు పెట్టాలా అన్నది కూడా ఇక్కడే తేలుతుంది. ప్రీ ప్లీటింగ్ ఇచ్చేటప్పుడే చెప్పాలి, లేకపోతే ప్లీటింగ్ చేసే ఆమె అలవాటుగా సన్న మడతలు పెట్టి పిన్ను కొట్టేస్తుంది, పరచడానికి కొంగే ఉండదు.

చీర కన్నా ఎక్కువ సమయం తినేది జాకెట్టు. హుక్కులు, లోపలి కుట్లు, చెమటకి అంటుకున్న చేతులు. ప్రతి చీరకీ మ్యాచింగ్ జాకెట్టు కావాలని పట్టుబడితే మూడు నిమిషాలు ఆరవుతాయి, కుట్టుకూలి ముప్పై ఆరుకి పెరుగుతుంది. మోడల్‌కి ఒకే బంగారు రంగు జాకెట్టు, ఒకే లంగా పెట్టి, దానికి సరిపడే చీరలే ఆమెకి ఇస్తే పన్నెండు జాకెట్లతో సరి. జడ మార్చకూడదు, మెడలోది మాత్రం మార్చొచ్చు.

లైట్ల దగ్గర మనవాళ్లు డబ్బు తక్కువేమీ పెట్టరు, పెట్టాల్సిన చోట పెట్టరు. రిసెప్షన్లకి తెచ్చే తిరుగుడు లైట్లు, నీలం గులాబీ వెలుగులు, పొగ మెషీను, అన్నీ ఒక ప్యాకేజీ. నీలం వెలుగులో కుంకుమ రంగు చీర నల్లగా కనపడుతుంది. జరీ మెరవాలంటే పక్కల నుంచి ఏటవాలుగా పడే తెల్ల వెలుగు కావాలి, మొహానికి ముందు నుంచి ఇంకోటి. ఆ పొగ మెషీను ఎక్కువసేపు నడిస్తే నేల మీద సన్నటి జిడ్డు పేరుకుంటుంది. హీల్స్ వేసుకున్న అమ్మాయికి దానికన్నా శత్రువు లేదు. ప్యాకేజీలోంచి సగం తీసేయించి, ఆ డబ్బుతో తెల్ల లైట్లు ఇంకో ఆరు పెట్టించమనండి. వెనక తెరకి ఫ్లెక్స్ బదులు ధర్మవరం పక్క నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల దగ్గర పెద్ద బొమ్మలు అద్దెకి అడిగి వెనక నుంచి దీపం పెట్టిస్తే సెట్టింగు అయిపోతుంది. ఆ ఊరి దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ పేరు చెప్తే ప్రెస్సు వాళ్లకి కూడా రాసుకోవడానికి ఒక ముక్క దొరుకుతుంది.

ఎప్పుడు పెట్టాలన్నదే అన్నింటికన్నా పెద్ద పద్దు, కానీ ఏ బడ్జెట్ షీట్‌లోనూ ఆ లైను ఉండదు. మాఘం, వైశాఖం, శ్రావణం ముహూర్తాల్లో ఫంక్షన్ హాళ్లు దొరకవు, దొరికినా రేటు రెట్టింపు. బ్యూటీషియన్లు తెల్లవారుజామున మూడింటికే పెళ్లికూతుర్ల దగ్గర ఉంటారు. ఆషాఢంలో ముహూర్తాలుండవు. హాళ్లు ఖాళీ, చీర కట్టేవాళ్లు ఖాళీ, డెకరేషన్ కుర్రాళ్లు ఖాళీ. చీరల షాపులేమో వరలక్ష్మీ వ్రతం బేరాల కోసం ప్రచారం కావాలని ఎదురు చూస్తుంటాయి. ఆషాఢం చివరి వారం పెడితే ఖర్చు దిగుతుంది, స్పాన్సర్ ఎక్కుతాడు. ఒక్కటే జాగ్రత్త: మన ఆషాఢం గాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ నెలలో ఆరుబయట స్టేజీ వేస్తే ఇరవై అడుగుల ఫ్లెక్స్ స్టేజీనే ఈడ్చుకుపోతుంది, కొంగులు మొహాల మీదకొస్తాయి. హాల్లోనే పెట్టుకోవాలి.

ఆరుబయటే అనుకుంటే రాత్రి పది తర్వాత మైకు ఆపాలన్న రూలు ఉండనే ఉంది. కలెక్టరో ఎమ్మెల్యేనో వచ్చేదాకా ఆగి తొమ్మిదింటికి మొదలుపెట్టిన షో ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పాటలకి అనుమతి ఇంకో సంగతి. రికార్డు చేసిన పాట జనంలో వేయాలంటే రికార్డింగుకి పీపీఎల్, సాహిత్యానికీ బాణీకీ ఐపీఆర్‌ఎస్ అనే హక్కుల సంస్థలు లైసెన్సులు అడుగుతాయి. కాలేజీలో విద్యార్థులు, స్టాఫు, తల్లిదండ్రులే చూసే కార్యక్రమానికి కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది. టికెట్టు పెట్టి ఊరందరినీ పిలిస్తే అది వర్తించదు. హాలు, సౌండు, ఈవెంట్ వాళ్లు చెప్పే రేటు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుందన్నది కూడా కొటేషన్ తీసుకునే రోజే అడగాలి, బిల్లు వచ్చే రోజు కాదు.

డబ్బు రావడం గురించి. స్పాన్సర్ మాటిచ్చినది రాబడి కాదు. మైకులో పేరు చదివించుకుని, ఫ్లెక్స్ మీద లోగో చూసుకుని, "వచ్చే వారం ఆఫీసుకి రాప్పా, చెక్కు రెడీగా ఉంటుంది" అంటారు. సౌండు వాడు మాత్రం సగం అడ్వాన్సు ఇవ్వకపోతే లారీ ఎక్కించడు. అందుకే షీట్‌లో మూడో వరుస ఒకటి గీసుకోవాలి: ఏ తేదీకి ఎంత చేతిలో ఉండాలి. నాలుగు లక్షల బడ్జెట్ ఉన్న షోలు కూడా ముందు రోజు ఇరవై వేలు లేక టెన్షన్ పడతాయి.

ఖర్చు తగ్గించాలనగానే మొదట పోయేది రిహార్సల్. ర్యాంప్ ముందు రోజే వేయాలంటే హాలు అద్దె రెండు రోజులకి కట్టాలి కదా అంటారు. నిజమే. కానీ రిహార్సల్‌కి ర్యాంపే కావాలని ఎవరన్నారు? చాలా కాలేజీల్లో బాస్కెట్‌బాల్ కోర్టు ఉంటుంది, ఇరవై ఎనిమిది మీటర్ల పొడవు. అందులో పన్నెండు మీటర్లకి ఎనిమిదడుగుల వెడల్పున టేపు అంటించి, ఆగే చోట గుర్తు పెట్టి, షో రోజు వేసుకునే హీల్స్‌తోనే నడిపించాలి. ఎదురుపడినప్పుడు ఎవరు ఎడమకి జరగాలో అక్కడే అలవాటవుతుంది. పక్కన ఒక తెర కట్టి, ఒక్క రౌండ్‌కైనా చీర మార్పు గడియారం పెట్టి చేసి చూడాలి. కాలేజీ అమ్మాయిలైతే ఇది తప్పనిసరి, ఫీజు లేని మోడళ్లకి ఆ మిగులంతా రిహార్సల్ టీలకి, సాయంత్రం ఇంటికి దింపే బస్సుకి పెట్టాలి. గ్రీన్ రూమ్ తలుపు దగ్గర ఒక ఆమెని కూర్చోబెట్టి ఫోన్లు బయటే పెట్టించడం కూడా పద్దే. మాటలతో కాని పని అది, మనిషిని పెట్టాలి.

చివరి పద్దు చీరలది. షాపు వాళ్లు నమ్మకం మీద ఇచ్చిన కొత్త చీరలు అవి. తర్వాత మళ్లీ అమ్మకానికి పెడతారు. పిన్నీసు పట్టుదారాన్ని లాగితే, మెడ మీది ఫౌండేషన్ జరీకి అంటితే ఆ చీర మూల్యం ఎవరిది? ముందే కాగితం మీద రాసుకోవాలి. చీర లోపలి చెంగుకి నంబరు ట్యాగు కట్టి, తీసుకునేటప్పుడు షాపు మనిషి ముందే ఫోటో తీసుకోవాలి. పిన్ను పెట్టే చోట చిన్న గుడ్డముక్క అడ్డం పెట్టమని చీర కట్టేవాళ్లకి చెప్పాలి. చెప్తే ఒకామె నవ్వి, "నాకు చెప్తావేం అన్నా, మా ఇంట్లో మగ్గం ఉంది" అంది. అలాంటి ఆమె దొరికితే రేటు దగ్గర బేరం ఆడకండి. షో అయిన రాత్రే చీరలు లెక్కపెట్టి, గాలికి ఆరేసి, మర్నాడు పగటి వెలుగులో షాపు వాళ్ల ఎదుట విప్పి చూపించి అప్పజెప్పాలి. రాత్రి ట్యూబ్‌లైటు కింద లిప్‌స్టిక్ మరక మెరూన్ చీర మీద ఎవరికీ కనపడదు.